ఓపెన్‌రిఫైన్: గుణుపూర్‌లో రైతుల జాబితా మీద ఏడు నెలలు వాడాక

మా ఆఫీసు రైతుల జాబితాలో 58,412 వరసలు ఉండేవి. అంతమంది రైతులు మాకు లేరని అందరికీ తెలుసు. మరి ఎంతమంది అని అడిగితే మాత్రం మేనేజరు దగ్గర నుంచి తూకం వేసే కుర్రాడి దాకా ఎవరూ చెప్పలేకపోయేవారు.

నేను పనిచేసేది రాయగడ జిల్లా గుణుపూర్‌లో. పత్తి, జీడిపిక్కలు రైతుల దగ్గర కొనే పెద్ద కంపెనీ మాది. పేరు రాయను. ఒడిశా వైపు రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, ఆంధ్ర వైపు పార్వతీపురం, పాలకొండ, పలాస, మొత్తం ఆరు బ్రాంచీలు. ఆరు చోట్లా ఎవరికి తోచినట్టు వాళ్ళు పేర్లు ఎక్కించారు. పదేళ్ళ తర్వాత అన్నీ కలిపి ఒకే సిస్టమ్‌లో పోశారు. దాన్ని శుభ్రం చేసే పని నాకు అప్పగించారు, ఎందుకంటే నాకు తెలుగు, ఒడియా రెండు లిపులూ చదవడం వచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా ఊళ్ళో చాలామందికి ఇంతే.

ఈ ఏడు నెలల్లో నేను రోజూ వాడినది ఓపెన్‌రిఫైన్. దాని గురించి తెలుగులో వివరంగా రాసినవాళ్ళు నాకు కనబడలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు అదేమిటో చెబుతాను. గజిబిజిగా ఉన్న పట్టికలను సరిచేసుకునే సాఫ్ట్‌వేర్ ఇది. 2010లో మెటావెబ్ అనే కంపెనీలో ఫ్రీబేస్ గ్రిడ్‌వర్క్స్ పేరుతో మొదలైంది. అదే ఏడాది గూగుల్ ఆ కంపెనీని కొనడంతో గూగుల్ రిఫైన్ అయింది. 2012లో గూగుల్ చేయి వదిలాక వాడేవాళ్ళే దాన్ని పట్టుకుని ఓపెన్‌రిఫైన్ అని పేరు పెట్టి నడుపుతున్నారు. పైసా ఖర్చు లేదు. లైసెన్సు గొడవ లేదు.

చూడటానికి బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కానీ నడిచేది మన కంప్యూటర్‌లోనే. అడ్రసు గీతలో 127.0.0.1:3333 అని కనిపిస్తుంది. అంటే మన మెషీనే తనతో తాను మాట్లాడుకుంటోందన్నమాట. మా ఐటీ ఆయన మొదట ఒప్పుకోలేదు. "రైతుల బ్యాంకు ఖాతాలమ్మా, ఎక్కడికో పోతే ఎవరు జవాబు చెబుతారు?" అన్నారు. ఆయన భయం సరైనదే. ఆయన ఎదుటే వైఫై ఆపేసి, ఫైలు తెరిచి, పని చేసి చూపించాను. అప్పుడు ఒప్పుకున్నారు. మా అంత సంస్థలో ఆధార్, ఖాతా నంబర్లున్న జాబితాని ఎవరి వెబ్‌సైట్‌లోనో ఎక్కించి "క్లీన్ చేసిపెట్టు" అనడం ఎంత మాత్రం చేయకూడదు. నాకు ఈ సాఫ్ట్‌వేర్ మీద మొదటి గౌరవం అక్కడే కలిగింది.

ఇక పని.

ఫైలు ఎక్కించేటప్పుడే ఒక జాగ్రత్త ఉంది. సెల్‌లో ఉన్నదాన్ని అంకెలుగా మార్చమంటారా అనే ఒక టిక్కు ఉంటుంది. అది తీసేసి ఉంచాలి. లేకపోతే ఖాతా నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. మా దగ్గర అంతకంటే పెద్ద నష్టం ముందే జరిగిపోయింది. ఎక్సెల్ ఏ అంకెలోనైనా 15 స్థానాల వరకే సరిగ్గా దాచుతుంది, పదహారోది సున్నా చేసేస్తుంది. పదహారంకెల ఖాతా నంబర్లిచ్చే బ్యాంకులున్నాయి. ఒక బ్రాంచి నుంచి వచ్చిన జాబితాలో పదహారంకెల ఖాతాలన్నీ సున్నాతోనే ముగియడం చూసి నాకు కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. ఏ సాఫ్ట్‌వేరూ ఆ పోయిన అంకెను తిరిగి తేలేదు. పాస్‌బుక్కులు మళ్ళీ తెప్పించి చూసుకోవలసి వచ్చింది.

తర్వాత ఫేసెట్. ఓపెన్‌రిఫైన్‌లో నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఇదే. ఒక కాలమ్ మీద టెక్స్ట్ ఫేసెట్ నొక్కితే, ఆ కాలమ్‌లో ఎన్ని రకాల విలువలున్నాయో, ఒక్కొక్కటి ఎన్నిసార్లు వచ్చిందో ఎడమ పక్కన పట్టీలా వస్తుంది. జిల్లా కాలమ్ మీద నొక్కాను. ఆరు బ్రాంచీలూ కలిపి అయిదారు జిల్లాలకు మించి రాకూడదు. 71 వచ్చాయి.

ఆ 71 చూస్తుంటే ఈ సరిహద్దు చరిత్రంతా కళ్ళ ముందు కదిలింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడక ముందు మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం ఏజెన్సీ. తర్వాత కోరాపుట్ జిల్లా. 1992 అక్టోబరు 2న రాయగడ విడి జిల్లా అయింది, అదే రోజు గంజాం నుంచి గజపతి విడిపోయింది. అయినా మా జాబితాలో పర్లాకిమిడి పక్క ఊళ్ళ రైతులకు ఇప్పటికీ గంజాం అని, గుణుపూర్ వాళ్ళకు కోరాపుట్ అని కొన్ని వరసల్లో ఉంది. పట్టా కాగితంలో ఎలా ఉంటే అలా ఎక్కించారు. ఒరిస్సా 2011లో ఒడిశా అయింది, రెండు పేర్లూ ఉన్నాయి. ఆంధ్ర వైపు 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. దాంతో పాలకొండ రైతు కొన్ని చోట్ల శ్రీకాకుళం, కొన్ని చోట్ల మన్యం. పార్వతీపురం రైతు కొన్ని చోట్ల విజయనగరం.

ఇవన్నీ తప్పులని కొట్టిపారేయడానికి లేదు. రాసిన రోజున అది నిజమే. అందుకే నేను పాత పేరు చెరపలేదు. పక్కన కొత్త కాలమ్ పెట్టి, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని జిల్లా కోడు, ఊరి కోడు వేశాను. పేరు ఎన్నిసార్లు మారినా మనం పట్టుకోవలసింది ఆ కోడునే. జిల్లాల పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. ఊళ్ళకు మూడు వారాలు పట్టింది, ఎందుకంటే గుడ, పుట్టి, సింగి అని ముగిసే ఒకే పేరుతో కొండ మీద ఊళ్ళు చాలా ఉన్నాయి. పంచాయతీ చూడకుండా కోడు వేయడానికి వీల్లేదు.

బ్యాంకుల కాలమ్ గురించి ఒక్క మాట. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మా దగ్గర ఆ పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు వందల్లో ఉన్నాయి. ఐఎఫ్ఎస్‌సీ అంటే బ్యాంకు శాఖను గుర్తించే కోడు, 11 అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా. ఓపెన్‌రిఫైన్‌లో జీఆర్ఈఎల్ అనే చిన్న సూత్ర భాష ఉంది. దానిలో ఒక్క గీత రాసి, పదకొండు లేనివి, అయిదో చోట సున్నాకు బదులు ఇంగ్లీషు ఓ అక్షరం పడినవి ఏరాను. 340 వచ్చాయి. కంటితో చూస్తే సున్నాకీ ఓ కీ తేడా ఎవరికీ తెలియదు. రైతుకి మాత్రం డబ్బు వెనక్కి పోయినప్పుడు తెలుస్తుంది.

అసలు పని పేర్లది.

ఓపెన్‌రిఫైన్‌లో క్లస్టర్ అనే బటన్ ఉంది. ఒకేలా ఉన్న విలువలను గుంపులు చేసి, "ఇవన్నీ ఒకటేనా?" అని అడుగుతుంది. మనం టిక్కు పెడితే కలుపుతుంది. గుంపులు చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. మొదటిది ఫింగర్‌ప్రింట్. ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ చిన్నక్షరాలు చేసి, చుక్కలూ కామాలూ తీసేసి, మాటలను అక్షర క్రమంలో పేర్చి పోల్చి చూస్తుంది. మన తెలుగువాళ్ళకి ఇది చేతికి అందిన వరం. ఆంధ్ర వైపు ఇంటిపేరు ముందు, ఒడిశా వైపు ఇంటిపేరు చివర. సవర సోమయ్య, సోమయ్య సవర, చుక్క పెట్టిన సోమయ్య. సవర, అన్నీ ఒక్క దెబ్బతో ఒకచోటికి వచ్చేశాయి. మొదటి రోజే 2,200 గుంపులు. ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళి మా అమ్మకి పది నిమిషాలు దీని గురించే చెప్పాను.

ఆ తర్వాత వేగం తగ్గింది. కారణం ఒడియాకీ తెలుగుకీ మధ్య ఉన్న ఉచ్చారణ. ఒడియాలో మన వ దాదాపు బ అవుతుంది. ఆంధ్ర బ్రాంచిలో సవర అని రాసిన మనిషి ఒడిశా బ్రాంచిలో సబర. వెంకట బెంకట, పార్వతి పార్బతి, సత్యవతి సత్యబతి, వంశీధర్ బంశీధర్. కృష్ణ ఒడియా మనిషి ఇంగ్లీషులో రాస్తే క్రుష్ణ, మనం రాస్తే క్రిష్ణ. నరసింహ అక్కడ నరసింఘ. మన వైపు త కి ఇంగ్లీషులో టీ పక్కన హెచ్ పెడతాం, వాళ్ళు పెట్టరు. కాబట్టి లలిత రెండు రకాలు, సతీష్ రెండు రకాలు.

దీనికి మెటాఫోన్ అనే ధ్వని పద్ధతి పనికొస్తుందనుకున్నాను. సూర్యనారాయణలో ఊ ని ఎవరు ఎలా రాసినా అది కలిపేస్తుంది, అంతవరకు బాగుంది. కానీ అది ఇంగ్లీషు నోటికి తగ్గట్టు చేసిన పద్ధతి. వి, బి దానికి సంబంధం లేని రెండు ధ్వనులు. టీ హెచ్ కలిస్తే అది ఇంగ్లీషు థ అనుకుంటుంది. అందుకని మన లలితని, వాళ్ళ లలితని వేరు చేసి కూర్చోబెట్టింది. మిగతా ధ్వని పద్ధతుల్లో ఒకటి జర్మన్ పేర్లకు, ఇంకో రెండు యూదుల ఇంటిపేర్ల కోసం చేసినవి. మన భాషల కోసం చేసినది ఒక్కటీ లేదు. ఇది దీని తప్పు అనను. ఎవరి భాష కోసం వాళ్ళు చేసుకున్నారు, మనం చేసుకోలేదు. తెలుగువాళ్ళలో ఇంతమంది ప్రోగ్రామర్లున్నారు, ఎవరైనా పూనుకుని వ-బ, త-థ కలిపే పద్ధతి ఒకటి దీనికి జోడిస్తే ఇచ్ఛాపురం నుంచి జయపురం దాకా ఎన్ని ఆఫీసులకో ఉపకారం జరుగుతుంది. కోడు అందరికీ తెరిచే ఉంది.

చివరికి నన్ను ఆదుకున్నది లెవెన్‌ష్టైన్ పద్ధతి. ఒక పేరు ఇంకో పేరు కావడానికి ఎన్ని అక్షరాలు మార్చాలో లెక్కపెడుతుంది. సవర సబర కావడానికి ఒకటి, నరసింహ నరసింఘ కావడానికి రెండు. రేడియస్, అంటే ఎన్ని అక్షరాల తేడా దాకా ఒప్పుకోవాలో చెప్పే అంకె, మొదట 1 ఉంటుంది, నేను 2 పెట్టుకున్నాను. దాని పక్కన బ్లాక్ క్యారెక్టర్స్ అని ఇంకోటి 6 అని ఉంటుంది. అంటే ఆరు అక్షరాలు వరసగా కలిసిన పేర్లనే అది పోల్చి చూస్తుంది. చిన్న పేర్లు దీనివల్ల తప్పిపోతాయి. 3కి తగ్గిస్తే దొరుకుతాయి కానీ లాప్‌టాప్ వేడెక్కి, ఫ్యాను మోత మోగి, గంటన్నర తర్వాత ఆగిపోయింది. మొదట్లో దానికి 1 జీబీ మెమరీయే కేటాయించి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్‌లో ఉండే సెట్టింగ్స్ ఫైలు తెరిచి ఆ అంకె పెంచుకోవాలి. నేను 4 చేశాను. అప్పటికీ 58 వేల వరసలు ఒకేసారి వద్దు. పంచాయతీల వారీగా ఫేసెట్ పెట్టుకుని ముక్కలు ముక్కలుగా చేస్తే హాయిగా నడిచింది. నిజానికి అదే మంచిది కూడా. ఒక పంచాయతీ పేర్లు కళ్ళ ముందు ఉంటే ఆ ఊళ్ళు గుర్తుకొస్తాయి, ఆ మనుషులు గుర్తుకొస్తారు.

ఇక్కడ మా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పాలి.

రెండో నెలలో మంచి ఊపు మీద ఉన్నాను. ఒకే పంచాయతీ, ఒకే ఊరు, పేరు సోమయ్య (అసలు పేరు ఇది కాదు), తండ్రి పేరు రెండింటిలోనూ ఒకటే. ఇంటిపేరు ఒకదానిలో సవర, ఇంకోదానిలో సబర. ఖాతా నంబర్లు వేరు, కానీ రైతులు ఖాతాలు మార్చుకోవడం మామూలే. కలిపేశాను. కొత్త ఖాతా ఏదో చూసి దాన్ని ఉంచాను. జాబితా సిస్టమ్‌లోకి వెళ్ళింది.

ఏప్రిల్ చివర, జీడిపిక్కల సీజను నడుస్తోంది. మధ్యాహ్నం రెండు గంటలకి ఒక ముసలాయన కౌంటరు దగ్గరికొచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో తూకం చీటీ నాలుగు మడతలు పెట్టి ఉంది. మడత విప్పి నా ముందు పెట్టి, "పాపా, మూడు వారాలయిపోనాది, నా డబ్బులు పడనేదు" అన్నాడు. సిస్టమ్‌లో చూస్తే పడ్డాయి. "పడ్డాయి తాతా, పన్నెండో తారీఖున" అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. పాస్‌బుక్కు తీసి ఇచ్చాడు. ఖాతా నంబరు వేరు. అప్పుడు నాకు అర్థమైంది. "ఈ పేరుతో మీ ఊళ్ళో ఇంకొకరు ఉన్నారా?" అని అడిగాను. "మా పెద్దోడు, మా అన్న" అన్నాడు. ఒకే తండ్రి, ఇద్దరు కొడుకులకీ ఒకే దేవుడి పేరు. ఇంట్లో పిలుచుకునే పేర్లు వేరు. కాగితాల్లో ఇద్దరూ సోమయ్యలే.

అన్న మంచివాడు, నాలుగు రోజుల్లో డబ్బు తిరిగి వచ్చింది. కానీ ఆ ముసలాయన కొండ దిగి బస్సెక్కి రెండుసార్లు వచ్చాడు. ఒక టిక్కు పెట్టడానికి నాకు అర సెకను పట్టింది. ఆయనకు రెండు పనిదినాలు పోయాయి. ఆ చీటీ మీద మడతలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. క్లస్టర్‌లో ఏ గుంపునీ నేరుగా కలపను. ముందు మూడు కాలమ్‌లు చేరుస్తాను: ఒకటేనా కాదా, ఎందుకు అనుకుంటున్నాం, ఎవరు చెప్పారు. పేరు, ఊరు, తండ్రి పేరు మూడూ కలిసినా సరే, ఫోన్ నంబరో ఖాతానో పట్టా నంబరో ఏదో ఒకటి కలవాలి. కలవకపోతే ఆ ఊరికి వెళ్ళే ఫీల్డు అబ్బాయి మనిషిని చూసి రావాలి. చూడని వరస అలాగే ఉంటుంది. ఇప్పటికి 3,906 వరసలు కలిశాయి, 612 ఇంకా తేలలేదు. మేనేజరు గారు ఆ 612 గురించి నెలనెలా అడుగుతారు. తేలనివి తేలనట్టే ఉండనివ్వడం కూడా మా పనిలో భాగమేనని నెలనెలా చెబుతాను.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, ఇలాంటప్పుడు దాని అన్‌డూ పట్టీ గొప్పగా ఆదుకుంది. మొదటి రోజు నుంచి చేసిన ప్రతి మార్పూ వరసగా అందులో ఉంటుంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టినా పోదు. రెండు నెలల కిందటి అడుగుకి వెనక్కి వెళ్ళి ఆ సోమయ్యలను ఎక్కడ కలిపానో చూశాను. ఆ అడుగుల జాబితాను జేసన్ అనే రూపంలో బయటికి తీసి ఇంకో ఫైలు మీద మళ్ళీ నడపవచ్చు కూడా. రాయగడ జాబితా మీద చేసిన ఖాళీల శుభ్రం, ఐఎఫ్ఎస్‌సీ తనిఖీ లాంటివి పలాస జాబితా మీద నిమిషంలో నడిపాను. పేర్ల కలుపుడు మాత్రం అలా నడపకండి. ఒక ఊళ్ళో ఒక్కడే అయిన సోమయ్య ఇంకో ఊళ్ళో ఇద్దరు.

లోటు ఏమిటంటే, ఆ పట్టీలో ఏం జరిగిందో ఉంటుంది, ఎవరు చేశారో ఉండదు. ఇది ఒక మనిషి ఒక కంప్యూటర్‌లో చేసుకునే పనికి తయారైంది. ఇద్దరు ఒకేసారి ఒకే ప్రాజెక్టు మీద పనిచేయలేరు. నేను కలిపితే ఇంకొకరు చూసి సరే అనే ఏర్పాటు లేదు. మా పర్లాకిమిడి అమ్మాయి చేసిన పని, నేను చేసిన పని కలపడానికి మళ్ళీ ఎక్సెల్ పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. అనుమతులు, అంచెలు, సంతకాలు కావలసిన చోట ఇది ఒక్కటే చాలదు.

ఇంకొక సంగతి. నాకు ఇది ఆలస్యంగా తెలిసింది, మీకు ముందే చెబుతాను. ఆధార్ కాలమ్ తీసేశాను కదా, ఇక భయం లేదని ప్రాజెక్టు మొత్తం ఎగుమతి చేసి పర్లాకిమిడికి పంపబోయాను. మా ఐటీ ఆయన ఆపారు. ప్రాజెక్టుగా పంపితే చరిత్ర అంతా వెంట వెళుతుంది. అక్కడ ఎవరైనా నాలుగు అడుగులు వెనక్కి నొక్కితే తీసేసిన ఆధార్ నంబర్లన్నీ మళ్ళీ ప్రత్యక్షమవుతాయి. పంపేటప్పుడు సీఎస్‌వీగా, అంటే చరిత్ర లేని ఉత్త పట్టికగా పంపండి, ప్రాజెక్టుగా వద్దు. పని అయ్యాక ప్రాజెక్టును కూడా చెరపండి. బ్రౌజర్ మూసినంత మాత్రాన పోదు, లాప్‌టాప్‌లోనే ఒక ఫోల్డర్‌లో కూర్చుని ఉంటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో రక్షణ లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అదే చట్టం తన వివరాలు సరిచేయమని అడిగే హక్కును మనిషికి ఇచ్చింది. మా సోమయ్య తాత చట్టం చదవలేదు, కానీ ఆయన చేసింది అదే.

ఆ సంఘటన తర్వాత మా హెడ్ ఆఫీసు వాళ్ళు పెద్ద సాఫ్ట్‌వేర్ ఒకటి చూశారు. డెమోకి నన్నూ ఆన్‌లైన్‌లో కూర్చోబెట్టారు. ఏ కాలమ్ ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు మార్చారు, ఎవరు ఆమోదించారు, అన్నీ బాణం గుర్తులతో చక్కగా చూపిస్తుంది. బాగుంది. పెద్ద సంస్థకు అలాంటిది అవసరమే. నేను ఒక్క ప్రశ్న అడిగాను: "ఇందులో ఓనర్ అనే గడి ఉంది కదండీ, రైతు పేరుకి మన దగ్గర ఓనర్ ఎవరు?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అకౌంట్స్ వాళ్ళు కొనుగోలు వాళ్ళన్నారు, కొనుగోలు వాళ్ళు బ్రాంచి అన్నారు. పదేళ్ళుగా ఆ గడి ఖాళీ కాబట్టే మాకు 58 వేల వరసలయ్యాయి.

ఆ ప్రశ్న వృథా పోలేదు. ఇప్పుడు ఒక కాగితం ఉంది, రెండు పేజీలు. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ మార్చే అధికారం అకౌంట్స్‌ది, పాస్‌బుక్కు నకలు లేకుండా మార్చకూడదు. ఊరి కోడు నాది. పేరు బ్రాంచి వాళ్ళది, కానీ రైతు ముందు కూర్చుని ఉండగానే మార్చాలి. రైతు తన పేరు ఎలా చెబుతాడో అలా తెలుగులోనో ఒడియాలోనో ఒక కాలమ్, ఆధార్‌లో ఎలా ఉంటే అలా ఇంగ్లీషులో ఇంకో కాలమ్. రెండూ ఉంచుతాం, ఒకదాని కోసం ఒకటి చెరపం. ఈ కాగితం రాయడానికి ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేకపోయింది. అయితే ఓపెన్‌రిఫైన్ ఫేసెట్లలో ఆ 71 జిల్లాలను, ఆ సవర-సబర గుంపులను స్క్రీన్ మీద చూపించకపోతే మీటింగ్‌లో ఎవరూ ఆ కాగితానికి ఒప్పుకునేవాళ్ళు కాదని నా నమ్మకం. కష్టం ఎంత ఉందో కళ్ళకు కట్టించడంలో దీనికి సాటి నేను చూడలేదు.

ఎవరు వాడవచ్చు అంటే, ఎక్సెల్‌లో ఫిల్టరు, వీలుకప్ వచ్చిన ఎవరైనా వారంలో నేర్చుకోవచ్చు. మెనూలు నేను ఇంగ్లీషులోనే వాడాను. జీఆర్ఈఎల్ సూత్రాలకు కొంచెం ఓపిక కావాలి, నాకు నెల పట్టింది. లక్ష వరసల లోపు పనికి 8 జీబీ లాప్‌టాప్ చాలు. బడి పిల్లల జాబితాలు, ఆసుపత్రి రోగుల జాబితాలు, సహకార సంఘాల సభ్యుల జాబితాలు చేసేవాళ్ళందరూ ఒక్కసారి పెట్టుకుని చూడండి. రోజూ వంద మంది కలిసి కొత్త పేర్లు ఎక్కించే చోట దీన్ని అసలు సిస్టమ్‌గా పెట్టుకోవాలనుకుంటే మాత్రం కుదరదు. అయిదు నక్షత్రాలకు నేను నాలుగు ఇస్తున్నాను. ఆ ఒకటి మన భాషల పేర్లకు తగిన పద్ధతి వచ్చిన రోజున ఇస్తాను.

పోయిన వారం పర్లాకిమిడి బ్రాంచికి వెళ్ళాను. కౌంటరు అబ్బాయి ఒక సవర ఆవిడ వివరాలు ఎక్కిస్తున్నాడు. టైపు చేసి, స్క్రీన్ ఆవిడ వైపు తిప్పి, ఆవిడకి చదవడం రాదని తెలిసి, పేరు పైకి చదివాడు. ఆవిడ కాదంది. మళ్ళీ చదివాడు. మూడోసారికి తలూపింది. అప్పుడు సేవ్ నొక్కాడు.